తొలి ట్రిప్పులో వెళ్లిన కారు

ఈ మధ్య ఖమ్మంలో తెలిసినవాళ్లింటికి వెళితే, వాళ్లబ్బాయి కొత్తగా కొనుక్కున్న పాత విదేశీ కారులో నన్ను బస్టాండు దాకా దింపాడు. తలుపు తీయగానే ఎండకు కాగిన తోలు సీట్ల వాసన, దాని అడుగున ఎక్కడో అణిగి ఉన్న బూజు వాసన, ఆ రెండింటినీ కప్పిపుచ్చడానికి అద్దం దగ్గర వేలాడదీసిన సెంటు బిళ్ల వాసన కలిసి ముక్కుకు కొట్టాయి. ఇంత పెద్ద బండి ఇంత చవగ్గా దొరకడం తన అదృష్టమని ఆ అబ్బాయి దారిపొడవునా మురిసిపోతుంటే నేను ఊఁ కొడుతూ కూర్చున్నాను. చిన్ననాటి వాసన ఏదైనా తగిలితే కొందరికి కళ్లు చెమరుస్తాయంటారు. నాకు మాత్రం ఆ వాసనకు ఒళ్లు మండుతుంది.

మా ఊరు బూర్గంపాడుకు కాస్త ఎడంగా, గోదావరిలో కలవబోయే ముందు కిన్నెరసాని మెలికలు తిరిగే చోట ఉండేది. మా తాత గుంటూరు వైపు నుంచి పొగాకు వేయడానికి వచ్చి, తర్వాత మిరపకు మారి, ఇక్కడే స్థిరపడ్డాడు. మేం దున్నే నేల ఒకప్పుడు పక్కనున్న కోయగూడెం వాళ్ల తాతలదన్న సంగతి నాకు పెద్దయ్యేదాకా ఎవరూ చెప్పలేదు. చలికాలం చివర కల్లమంతా మిరపకాయలు ఎర్రగా పరుచుకుని, ఇంటిల్లిపాదీ తుమ్ముతూ దగ్గుతూ, ఆ ఘాటు అన్నంలో కూడా తగులుతున్నట్టు ఉండేది. ఎండలు ముదిరితే అడివి వైపు నుంచి ఇప్పపూల తీపి వాసన గాలిలో తేలివచ్చేది, తునికిపళ్లు తిని నాలుక మొద్దుబారేది, తునికాకు కట్టలు ఎక్కడ చూసినా ఆరుతూ కనిపించేవి. వానలు పడితే నల్లరేగడి జిగురుకు చెప్పులు అక్కడే ఉండిపోయి కాళ్లు మాత్రం ముందుకు వచ్చేవి.

మా చేలకు దిగువన, వాగు ఒడ్డునే కోయగూడెం. అక్కడి జోగవ్వ మా ఇంట్లో పనికి వచ్చేది గానీ నన్నూ తమ్ముడినీ పెంచింది ఆవిడే అనాలి. తలంటడం, జ్వరం వస్తే నుదుటికి ఏదో ఆకు పసరు పట్టించడం, ఎడమ చేత్తో తింటే ముంజేతి మీద చిన్నగా చరచడం అన్నీ జోగవ్వే. తన వాళ్లతో కోయ భాషలో గలగలా మాట్లాడేది, మాతో తెలుగులో ఆచితూచి మాట్లాడేది. ఆవిడ గుడిసెలో, పొయ్యి మీద పొగ తగిలేచోట ఎండు సొరకాయ బుర్రలు వేలాడుతుండేవి. వాటిలో విత్తనాలు. జొన్న, ఉలవ, అనుము, వీటన్నిటికంటే పదిలంగా చిక్కుడు విత్తనం. అది అంగడిలో దొరికే చిక్కుడు కాదు. గింజ చిన్నది, అంచున ఊదారంగు గీత ఉండేది, ఉడికితే నెయ్యి వేసినట్టు కమ్మటి వాసన వచ్చేది. జోగవ్వ కాపురానికి వచ్చేటప్పుడు వాళ్లమ్మ కొంగున కట్టి పంపిన విత్తనం అట. ఏడాదికేడాది చల్లుకుంటూ, మళ్లీ బుర్రకెత్తుకుంటూ కాపాడుకొచ్చింది. గూడెంలో ఎవరి పాదు ఎండిపోయినా జోగవ్వ దగ్గరికే చేయి చాచుకుని వచ్చేవారు. కొత్తల పండుగ చేసి అమ్మవారికి పెట్టేదాకా వాళ్లలో ఒక్కరు కూడా కొత్త చిక్కుడుకాయ నోట పెట్టేవారు కాదు. పండుగనాడు మోదుగాకు దొన్నెలో వేడివేడి గుగ్గిళ్లు పోసుకుని జోగవ్వ మా పెరటి గుమ్మంలోకి వచ్చేది. నాకు పండుగ అంటే ఇప్పటికీ ఆ దొన్నే గుర్తొస్తుంది.

మా ఇంటికీ గూడేనికీ తాతనాటి ఒప్పందం ఒకటి ఉండేది. కాగితం మీద రాసుకున్నది కాదు, నోటితో అనుకున్నది. మిరపకాయ పండితే గూడెం వాళ్లు ఎవరి చేలోకీ పోకుండా ముందు మా చేలో కోతకు దిగేవారు. గోదావరి నిండి కిన్నెరసానిని వెనక్కి తన్నితే, మా ట్రాక్టరు ట్రక్కు ముందుగా గూడేనికి వెళ్లేది. ముసలివాళ్లు, పిల్లలు, మేకలు, విత్తనాల బుర్రలు, అన్నీ ఆ ట్రక్కెక్కి బడి ఉన్న మెరకకు చేరేవి. ఆ తర్వాతే మా బియ్యం బస్తాలు, మా మంచాలు కదిలేవి. తొలి కోత మాది, తొలి ట్రిప్పు వాళ్లది. తాత పోయాక కూడా అలాగే సాగింది, నాన్న కారు కొనేదాకా.

వరసగా రెండేళ్లు మిరప ధర బాగా పలికింది. ఊళ్లో మిగతావాళ్లు బోరు వేయించారు, ఇంటికి పై అంతస్తు లేపారు. నాన్న పురుగుమందుల డీలర్లతో హైదరాబాదు వెళ్లి అక్కడ ఎవరో పెద్దమనిషి వాడి వదిలేసిన కారు చూసి మనసు పారేసుకున్నాడు. పొడుగ్గా, నేలకు అంటుకుపోయినట్టు, ముక్కు సాచి పడుకున్న మొసలిలా ఉండేది. రెండే తలుపులు. ముందు ఇద్దరు దర్జాగా కూర్చోవచ్చు, వెనక ఉన్నవి సీట్లని పేరుకే. దూరప్రయాణాల కోసం, అద్దంలాంటి రోడ్ల మీద వేగంగా పోవడం కోసం దొరల దేశంలో చేసిన బండి అది. మా ఊరి రోడ్డు మీద వేగంగా పోయేవి జామాయిల్ దుంగల లారీలే, అవి వదిలిన గోతుల్లో మిగతావాళ్లం పాకేవాళ్లం. ఇవేవీ నాన్నకు పట్టలేదు. ఆ బండి ఒక సినిమా ఆయనదని బ్రోకరు చెప్పాడట, అదొక్కటి చాలింది.

కారు వచ్చిన రోజు ఊరంతా చుట్టూ మూగి వెనక తలుపులేవని అడిగారు. పాతది గనక చవగ్గా వచ్చిందా, లేక సగం తలుపులే ఇచ్చారు గనక చవగ్గా వచ్చిందా అని ఎవరో వేళాకోళం ఆడితే నాన్న ముఖం మాడిపోయింది. మర్నాడు భద్రాచలం గుడి ముందు పూజ. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, గుమ్మడికాయ కొట్టి అంతా అయిపోయాక, బయట మాత్రమే బొట్టు పెడితే లోపలికి దిష్టి తగులుతుందని నాయనమ్మ వంగి వంగి తలుపులో దూరి, ఆ మీగడరంగు తోలు సీట్లకు పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టింది. ఎంత తుడిచినా ఆ పసుపు పోలేదు. నాన్న గుడి ముందే ఆవిణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాడు. ఆ తర్వాత నాయనమ్మ ఆ కారు ఎక్కలేదు, ఎక్కమని నాన్న అననూ లేదు.

అమ్మ సంగతి ఇంకా బాగుంటుంది. ఒక ఆదివారం అందరం పర్ణశాల వెళదామని బయల్దేరితే, తీరా ఎక్కే వేళకు నాన్న స్నేహితుడైన ఎరువుల కొట్టు ఆసామి కూడా వస్తానన్నాడు. ముందు సీట్లో ఆయన కూర్చున్నాడు. వెనక మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని నేనూ తమ్ముడూ. అమ్మకు చోటు లేదు. పులిహోర గిన్నె, నీళ్ల సీసా పట్టుకుని అమ్మ బస్సెక్కింది, అదీ భద్రాచలంలో మారి. వెనక అద్దాలు తెరుచుకోక, తోలు వాసనకు తమ్ముడు దారిలో వాంతి చేసుకున్నాడు. అడివి మధ్య కారాపి నాన్న ముందు తివాచీ తుడిచాడు, ఆ తర్వాతే తమ్ముడి మూతి తుడిచాడు. మేం రేవులో కాళ్లు తడుపుకుని చాలాసేపు కూర్చున్నాక అమ్మ చెమటలు కక్కుతూ వచ్చి అందరికీ పులిహోర పెట్టింది. ఎరువుల కొట్టాయన పులిహోర భేష్ అన్నాడు.

ఇక ఆ బండి చాకిరీ మొదలైంది. స్పీడు బ్రేకరు వస్తే అందరం దిగి నడవాలి, లేకపోతే అడుగు తగులుతుంది. ఏ చిన్న సామాను కావాలన్నా హైదరాబాదు, మెకానిక్కు రావాలన్నా హైదరాబాదు. ఎండలో ఉంటే రంగు పోతుందని పశువుల పాక ఖాళీ చేయించి దాన్ని అందులో పెట్టారు. గేదెలు వేపచెట్టు కింద వానకు తడిసేవి. జోగవ్వ రోజూ పొద్దున్నే దాని మీది దుమ్ము మెత్తటి గుడ్డతో తుడిచేది. గట్టిగా రుద్దితే గీతలు పడతాయని నాన్న పక్కనే నిలబడి చూసేవాడు.

నేను ఆరో తరగతిలో ఉండగా ఆ వరద వచ్చింది. ముసురు పట్టి వదలలేదు. భద్రాచలంలో రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చారని తెల్లారేసరికి కబురు వచ్చింది. కిన్నెరసాని అప్పటికే ఎదురు తిరిగి మా చేలలోకి పాకుతోంది. గూడెం వాళ్లు మూటలు కట్టుకుని, బుర్రలు దించుకుని దారిలోని చప్టా వంతెనకు అవతల నిలబడ్డారు, ఎప్పటిలాగే ట్రక్కు వస్తుందని. నాన్న ట్రాక్టరు తీయించాడు. తీసి, ట్రక్కును పశువుల పాక పక్కనున్న గట్టుకు ఆనించి, పలకలు పరిపించి, కారు ఎక్కించమన్నాడు.

అమ్మ నాన్నకు ఎదురు చెప్పగా నేను విన్నది అదొక్కసారే.

"తొలి ట్రిప్పు వాళ్లది కదండీ. మామయ్యగారు ఉన్నన్నాళ్లూ అదే పద్ధతి. వాళ్లు చూస్తూ ఉంటారు."

"ఎంతసేపు పడుతుందే? దీన్ని దింపి అటే వెళతాం," అన్నాడు నాన్న.

చాలాసేపే పట్టింది. ట్రక్కు తలుపులన్నీ ఊడదీసినా కారు వెనక భాగం బయటికే వేలాడింది. తాళ్లు బిగిస్తే రంగు గీరుకుంటుందని పాత దుప్పట్లు తెప్పించి చుట్టారు. బురదలో నెమ్మదిగా, పురిటి మనిషిని తీసుకెళుతున్నట్టు తీసుకెళ్లారు. మెరక మీదికి చేరాక దింపబోతే పలక ఫెళ్లున విరిగింది. ఇక దింపే దారి లేదు. ట్రక్కు బడి ముందే, కారు ట్రక్కు మీదే ఉండిపోయింది. వట్టి ట్రాక్టరు వెనక్కి తిరిగి వచ్చేసరికి చప్టా మునిగిపోయింది.

గూడెం వాళ్లు చేలకు అడ్డంపడి, నడుము లోతు నీళ్లలో, ముసలివాళ్లను వీపున వేసుకుని, పిల్లలను భుజాల మీద ఎత్తుకుని మెరకకు చేరారు. ప్రాణాలకు ఏమీ కాలేదు, ఆ మాట నాన్న తర్వాత ఎన్నిసార్లు అన్నాడో. మనుషులను మోసిన చేతుల్లో బుర్రలకు చోటు లేకపోయింది. మేకలు పోయాయి. జోగవ్వ తన అత్తను మోసుకుని వచ్చింది. చిక్కుడు బుర్రను మెడకు కట్టుకుందట గానీ, చేను గట్టు దగ్గర కాలు జారి మునిగి లేచేసరికి తాడు తెగి అది కొట్టుకుపోయింది.

బడి గదులు రెండూ నిండిపోయి, మిగిలినవాళ్లు వరండా చూరు కింద జల్లు కొడుతుంటే ఒకరినొకరు అదుముకుని కూర్చున్నారు. వాళ్ల ఎదురుగా, రథం మీద ఉత్సవ విగ్రహంలా, ట్రక్కు మీద మా కారు. దాని మీద మా ఇంట్లో ఉన్న ఒకే ఒక్క టార్పాలిన్ కప్పి నాలుగు మూలలా కట్టి ఉంది. దాన్ని విప్పి వాళ్లకిద్దామని అమ్మ అడిగితే, అద్దాల సందుల్లోంచి నీళ్లు దిగితే లోపలి వైర్లు పాడవుతాయన్నాడు నాన్న. జోగవ్వ తడిసిన కొంగు పిండుకుంటూ ఆయన దగ్గరికి వచ్చి నిలబడింది. తిడుతుందనుకున్నాను. తిట్టాలని ఎంతగా కోరుకున్నానో.

"బండి మంచిగున్నదా అయ్యా? తడ్వలేదు గద?" అనడిగింది.

అందులో ఎత్తిపొడుపు లేదు. రోజూ తుడిచిన వస్తువు గనక అడిగింది. నాన్న బాగానే ఉందన్నాడు.

ఆ ఏడు మిరప ఆలస్యంగా వేసినా బాగా కాసింది. కోతకు గూడెం నుంచి ఒక్కరూ రాలేదు. నాన్న కారేసుకుని గూడేనికి వెళ్లాడు, అడుగు రెండుచోట్ల గీరుకుందని తిట్టుకుంటూ వచ్చాడు. వాళ్లు కొట్లాడలేదు, కసురుకోలేదు, వేరేవాళ్లకు మాటిచ్చామన్నారట, అంతే. కాయ చెట్టు మీదే తెల్లబారింది. ఇన్నేళ్లు తిండి పెడితే విశ్వాసం లేదని నాన్న అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్లందరికీ చెప్పేవాడు. ఎవరు ఎవరికి తిండి పెట్టారో ఆయన్ని నిలదీసి అడిగేవాళ్లు ఊళ్లో లేరు. జోగవ్వ కూడా పని మానేసింది. ఆ చలికాలం పెరటి గుమ్మంలోకి దొన్నె రాలేదు. నేను రెండు మూడు సాయంత్రాలు అక్కడే కూర్చుని చూసి ఊరుకున్నాను.

అంత చేసి కాపాడిన కారు మరో రెండేళ్లు కూడా నడవలేదు. పాకలో తేమకు సీట్లకు బూజు పట్టింది, ఎలుకలు వైర్లు కొరికాయి, అద్దాలు సగానికి దిగి మళ్లీ పైకి రానన్నాయి. చివరికి పాత ఇనుము కొనేవాళ్లు వచ్చి గొలుసు వేసి లాక్కెళ్లారు.

మొన్న నేనూ తమ్ముడూ పని మీద భద్రాచలం వెళ్లినప్పుడు అంగట్లో జోగవ్వ కనిపించింది. బాగా వంగిపోయింది. నన్ను పోల్చుకుని చెంపలు నిమిరింది, పిల్లలెందరని అడిగింది. ఆమె ముందు గోనెపట్టా మీద చింతపండు, కుంకుడుకాయలు ఉన్నాయి. ఉండబట్టలేక ఆ చిక్కుడు విత్తనం మళ్లీ ఎక్కడైనా దొరికిందా అని అడిగాను.

"ఆ ఇత్తు ఏడున్నది బిడ్డా. గా వరదకే పాయె. చుట్టు గూడాలన్ని తిరిగిన, ఎవలి దగ్గర లేదు," అంది. కుంకుడుకాయలు దగ్గరికి లాక్కుంటూ, "కొత్తల పండుగకు గిప్పుడు అంగట్ల కొన్న కాయనే పెడ్తున్నం అమ్మోరికి," అంది.

ఖమ్మంలో తమ్ముడింటికి తిరిగి వచ్చాక నాన్నకు చెప్పాను. ఆయనా అమ్మా ఇప్పుడు అక్కడే ఉంటున్నారు. నాన్న ఫోనులో ఆ కారు ఫొటో దాచుకుని వచ్చినవాళ్లకల్లా చూపిస్తూ, జిల్లాలో అలాంటిది ఇంకెవరికీ ఉండేది కాదంటాడు. నేను చెప్పిందంతా విని, "ఏ జోగవ్వ?" అన్నాడు. అమ్మ చేతిలో పని వదిలేసి లోపలికి వెళ్లిపోయింది. గూడెం, మమ్మల్ని పెంచిన మనిషి, ఆ వరద అని నేను ఒక్కొక్కటే చెప్పుకుంటూ వస్తుంటే, వరద అనగానే ఆయన ముఖం విప్పారింది.

"ఆ వరదకి ఊరంతా మునిగింది గానీ, మన బండికి చుక్క నీళ్లు తగల్లేదమ్మా," అన్నాడు.