నాడె మొనలకు గుండుసూదుల పరీక్ష

ఇది జరిగి మూడేళ్లయింది. అప్పుడు నాకు అక్షరాలు రావు. యాభై దాటాక నేర్చుకున్నాను. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

గద్వాలలో మాది మగ్గాల సామాను చేసే కొలిమి. పోగుల మధ్య పరుగెత్తే నాడెకు రెండు చివర్లా ఉక్కు మొనలుంటాయి. మా ఆయన వాటిని లేతు మీద తిప్పుతాడు. ఎర్రగా కాల్చి నూనెలో ముంచి గట్టిపరచడం, అంటే క్వెంచింగ్, నా పని.

ఒక మధ్యాహ్నం నేత పనిచేసే సావిత్రమ్మ వచ్చి, నేనిచ్చిన మొన ఒకటి నా చేతిలో పెట్టింది. దాని అంచు లేచి గరుకుగా ఉంది.

"నాడె మొన అడిగితే రంపమిస్తివి గదనే నర్సక్కా! పట్టు పోగులన్నీ తెంపుతుంది. పెళ్లి చీర మగ్గం మీదున్నది."

ఆ మొనకు నీరు పట్టలేదు, అంటే అది గట్టిపడలేదు. ఆమెకిచ్చేటప్పుడు లెక్క తగ్గితే పక్క డబ్బాలోంచి తీసి కలిపాను. కాల్చనివీ, కాల్చి మెరుగు పట్టినవీ ఒకేలా మెరుస్తాయి. ఆమె తెచ్చిన, ఇంకా నాడెలకు ఎక్కించని ఆరు మొనల్లో పచ్చివి, అంటే కాల్చనివి, ఎన్నో?

"ఆకురాయితో గీరి చూస్తా."

"గీత పడితే పోగు తగులుకుంటది. గీరకు!"

అప్పుడు పాత స్పీకరు అయస్కాంతం తీశాను. ఆమె నవ్వింది. "ఇనుమనంగనే అంటుకుంటది. దాంట్ల నీకేం తెలుస్తది?"

"అంటుకునుడు కాదు. అది తీసినంక ఏం మిగిలిందో జూడాలె."

నీరు పట్టిన ఉక్కు లోపలి అమరిక, మైక్రోస్ట్రక్చర్, మారిపోతుంది. అది అయస్కాంత గుణాన్ని పట్టి ఉంచుతుంది. మెత్తని ఉక్కు త్వరగా వదిలేస్తుంది. ఈ సంగతి ఒకసారి మా కొలిమికొచ్చిన పాలిటెక్నిక్ సారు చెప్పాడు. ఒకే ఉక్కు, ఒకే కొలత అయితేనే ఇలా పోల్చాలి. ఇవన్నీ ఒకే కడ్డీలోంచి వచ్చినవి.

ముందు, ఆమె వెంట తెచ్చిన నాడెకున్న మంచి మొనను అయస్కాంతంతో పది సార్లు రుద్ది గుండుసూదుల్లో పెట్టాను. నాలుగు వేలాడాయి. చెడిన దానికి ఒక్కటీ నిలవలేదు. తర్వాత ఆరింటినీ అలాగే చూశాను. రెండు మొనలు సూదుల్ని వదిలేశాయి.

"నేనే కలిపిన సావిత్రమ్మా. తప్పు నాదే."

ఆమె ఆ రెండూ తీసి పక్కన పెట్టింది.

అంటుకున్నంత మాత్రాన గట్టిదని నమ్మకూడదని ఆరోజు చేతులారా తెలుసుకున్నాను. ఏ డబ్బాలో ఏవున్నాయో గుర్తుంటుందని నా జ్ఞాపకాన్నీ అలాగే నమ్మి మోసపోయాను.

మరుసటి ఉదయం మంచి మొనలు ఎక్కించి, జానెడు నేత సాగేదాకా సావిత్రమ్మ మగ్గం దగ్గరే కూర్చున్నాను. ఒక్క పోగూ తెగలేదు. అప్పుడు సంచిలోంచి రెండు ఖాళీ డబ్బాలు తీశాను.

"దీని మీద కాలినవని, దాని మీద కాలనివని రాసియ్యి."

"రాస్త గని, నువ్వు చదువుతవా?"

"జర మెల్లగ రాయి. చూసి నేర్చుకుంట."