మోకాలు పోయాకే మంజూరైన పన్ను మినహాయింపు

ఆ సాయంత్రం కాలు ఊడదీసి గోడకు ఆనించి, స్టంప్ మీది మేజోడు తీస్తే అడుగున రూపాయి బిళ్ళంత తడి మరక కనిపించింది. నొప్పి లేదు. చెమటేమో అనుకుని మేజోడు ఉతికి ఆరేశాను. నా ఎడమ కాలు మోకాలి కింద జానెడు దూరంలో ఆగిపోతుంది. ఇరవై ఆరేళ్ళ వయసులో సరిహద్దు కొండల్లో మందుపాతర మీద అడుగు పెట్టాను. మిగిలిన ఆ ముక్కనే ఆసుపత్రిలో స్టంప్ అంటారు. దానికి కృత్రిమ కాలు తొడుక్కుని ఇరవై ఏళ్ళకు పైగా నడిచాను. షుగర్ వచ్చి కూడా ఎనిమిదేళ్ళయింది. నాలా కాలు పోయినవాళ్ళు, వాళ్ళను చూసుకునేవాళ్ళు చదువుతారని ఇది రాస్తున్నాను. జాలి కోసం మాత్రం కాదు. జాలి మా అపార్ట్‌మెంట్ వాళ్ళు ఇప్పటికే కావలసినంత తెచ్చి ఇచ్చారు.

మాది అశోక్‌నగర్‌లో ఎనిమిది ఫ్లాట్ల పాత బిల్డింగు. ఏటా ఆస్తిపన్ను వేళకు సెక్రటరీ ప్రభాకర్ అందరి దగ్గరా వసూలు చేసి, ముందుగా కడితే వచ్చే తగ్గింపు పోకుండా ఒకేసారి కట్టి వస్తాడు. ఆ ఏడు అతను నా గుమ్మంలో నిలబడితే, "నాది కట్టేది లేదు ప్రభాకర్. నాకు మినహాయింపు వచ్చింది" అన్నాను.

"ఎట్ల వచ్చిందన్నా?"

"మిలిటరీల కాలు పోయిన. అందుకిచ్చిన్రు."

అతను నా ప్యాంటు వంకా బూట్ల వంకా చూశాడు. పదకొండేళ్ళు పక్క పక్క ఫ్లాట్లలో ఉన్నా అతనికి నా కాలు సంగతి తెలియదు. తప్పు నాదే. పాలవాడొచ్చినా సరే, కాలు తొడుక్కుని బూటు కట్టుకున్నాకే తలుపు తీసేవాణ్ణి. కుంటుతున్నావేమని ఎవరైనా అడిగితే కీళ్ళనొప్పులని చెప్పేవాణ్ణి. మిలిటరీ పటాలంలో అబ్బిన అలవాటు అది. పదిమంది ముందు నిలబడ్డప్పుడు మనిషి పొందికగా కనిపించాలి.

వారం తిరక్కుండా మేడ మీద మీటింగు పెట్టారు. నన్ను పిలవలేదు. నా భార్య సుగుణ ఆరేసిన బట్టలు తీయడానికి వెళ్ళి విని వచ్చింది. "మేం కట్టిన పైసలతోటి రోడ్లు, లైట్లు. ఈయనకు అన్నీ ఫుకట్లనా?" అని ప్రభాకర్ అన్నాడట. కింది ఫ్లాటులో హాస్టల్ నడిపే విమలక్క, "కాలు లేనోడు మూడంతస్తులు ఎక్కుతడా? లిఫ్టు చెడిపోయిన్నాడు ఎక్కుతుంటే నేను వీడియో తీసిన" అందట. హాస్టల్ పెట్టినందుకు ఆమెకు ఆస్తిపన్ను కమర్షియల్ రేటులో పడింది. ఆ మంట నా మీదికి మళ్ళింది.

నిజం చెప్పాలంటే వాళ్ళ ప్రశ్నలో తప్పు లేదు. ఒకడు కట్టకపోతే ఆ బరువు మిగిలినవాళ్ళ మీద పడుతుందా లేదా అని ఎవరైనా అడగొచ్చు. కానీ దాన్ని సర్కారును అడగాలి. వీళ్ళు ఆ మాట ఎత్తకుండా, నేను దొంగ వికలాంగుణ్ణని, మళ్ళీ విచారణ చేయాలని మునిసిపాలిటీకి అర్జీ పెట్టారు. ఏడు ఫ్లాట్లు, ఏడు సంతకాలు. వాళ్ళమ్మకు పక్షవాతం వస్తే రెండు నెలలు సుగుణ చేతి గంజి తాగించిన ప్రభాకర్‌ది మొదటి సంతకం.

ఈలోగా మేజోటి మీద మరక పెద్దదైంది. చిక్కడపల్లిలో డాక్టర్‌కు చూపించాను. ఆయన స్టంప్ కొసన నొక్కి, "నొప్పుందా?" అన్నాడు. లేదన్నాను. "లేదని సంతోషపడకండి. షుగర్‌తో నరాలు చచ్చిపోయినయ్. స్టంప్ సన్నబడి, దాన్ని దూర్చే సాకెట్ లూజయింది. మీరు మేజోళ్ళ మీద మేజోళ్ళు తొడిగి నెట్టుకొస్తున్నరు. పుండు పడి అల్సర్ అయింది. ఆరు వారాలు ఈ కాలు పెట్టొద్దు. కర్రలతోనే తిరగండి" అన్నాడు. మోకాలు కాపాడుకోవడమే ముఖ్యమని, మోకాలున్నవాడికే నడక ఉంటుందని రెండుసార్లు చెప్పాడు.

చంకల్లో కర్రలతో బిల్డింగు గేటు దాటాను. ప్రభాకర్ స్కూటర్ తుడుచుకుంటున్నాడు. తలెత్తి చూసి నవ్వాడు.

"అర్జీ పెట్టంగనే కర్రలొచ్చినయా అన్నా?"

ఆ నవ్వు నేను ఇవాళ్టికీ క్షమించలేదు. మర్నాడు పొద్దున మళ్ళీ కాలు తొడుక్కున్నాను. సుగుణ ఏడ్చింది, తిట్టింది, కాలు తీసుకెళ్ళి బీరువాలో పెట్టి తాళం వేసింది. తాళం పగలగొడతానని అరిచి తెప్పించుకున్నాను.

ఆ వారంలోనే మునిసిపాలిటీ నుంచి విచారణకు ఒక ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. వెనకే ప్రభాకర్, విమలక్క మా హాల్లోకి వచ్చి నిలబడ్డారు. నేను ఇస్త్రీ ప్యాంటు వేసుకుని, బూట్లకు పాలిష్ పెట్టుకుని, నిటారుగా ఎదురెళ్ళాను. నా పాత సర్టిఫికెట్ చూపించాను. ఆయన దాన్నీ నన్నూ మార్చి మార్చి చూశాడు.

"జర కాలు తీసి చూపియ్యుండ్రి. ఒక్క నిమిషంల తేలిపోతది" అంది సుగుణ.

"వీళ్ళ ముందర తియ్య" అన్నాను.

ఇన్‌స్పెక్టర్ నిట్టూర్చాడు. "మీరైతే మంచిగనే నడుస్తున్నరు సార్. మెడికల్ బోర్డు నుంచి కొత్త సర్టిఫికెట్ తెచ్చుకోండి, అప్పటిదాక మినహాయింపు ఆపుతున్న" అని రాసుకుని పోయాడు. విమలక్క మెట్లు దిగుతూ, "నేను చెప్పలే?" అని మాకు వినపడేలా అంది.

బోర్డు కోసం నాలుగుసార్లు తిరిగాను. ప్రతిసారీ ఆ కాలితోనే వరుసలో నిలబడ్డాను, నా వంతు మాత్రం రాలేదు. నాలుగోసారి ఇంటికి వచ్చాక చలిజ్వరం పట్టుకుంది. సుగుణ మేజోడు తీస్తే చర్మం దాంతోపాటు ఊడొచ్చింది. గదంతా వాసన.

నారాయణగూడలో ఒక ఆసుపత్రిలో చేర్చారు. ఎక్స్‌రే, ఎమ్మారై, పస్ కల్చర్. "ఆస్టియోమైలైటిస్. ఇన్ఫెక్షన్ ఎముకలోకి పోయింది. ఇంత పుండు పెట్టుకొని ఎందుకు నడిచిన్రు?" అని సర్జన్ అడిగింది. నడవగలనని చూపించడానికి అని ఎలా చెప్పను? డీబ్రైడ్‌మెంట్ చేసి చెడిన కండ తీసేశారు. ఐవీ యాంటీబయాటిక్స్ ఎక్కించారు. పదో రోజుకు పుండు ఎర్రబడి మానే దారిలో పడితే, సుగుణ వార్డులో అందరికీ బిస్కెట్లు పంచింది. పదిహేనో రోజు జ్వరం తిరగబెట్టింది. రెండో డీబ్రైడ్‌మెంట్. ఆ తర్వాత బీపీ పడిపోయింది, ఐసీయూలో వేశారు. సర్జన్ మంచం పక్కన కూర్చుని మెల్లగా చెప్పింది.

"మోకాలు దక్కుతదేమోనని ఇన్ని రోజులు చూసినం. ఇంకా చూస్తే మీరు దక్కరు. ఎబవ్ నీ చెయ్యాలె, మోకాలి పైదాక తియ్యాలె."

ఆపరేషన్‌కు ఒప్పుకుంటున్నామన్న కాగితం మీద సుగుణ సంతకం పెట్టింది. లేచి చూసుకుంటే దుప్పటి కింద తొడ సగంలో ఆగిపోయింది. లేని మోకాలు రోజంతా లాగేది. ఫాంటమ్ పెయిన్ అన్నారు. మందుపాతర పేలినప్పుడు రాని ఏడుపు అప్పుడు వచ్చింది. అప్పుడు నా కాలు తీసింది శత్రువు. ఈసారి ఎవరిని తిట్టుకోవాలో తెలియలేదు.

చక్రాల కుర్చీలో ఇంటికి వచ్చిన మూడో రోజు ప్రభాకర్, విమలక్క యాపిల్స్ పట్టుకుని వచ్చారు. పిన్ను పెట్టి మడిచిన నా ప్యాంటు వైపు ఇద్దరూ తనివితీరా చూశారు. ప్రభాకర్ జేబులోంచి ఒక కాగితం తీశాడు.

"మీకు మినహాయింపు ఇయ్యాలని మేమే రాసినమన్నా. ఏడుగురం సంతకాలు పెట్టినం. ఇగ ఎవ్వరికీ డౌట్ లేదు."

సాయం చేశానన్న సంతోషం అతని మొహంలో నిజంగానే ఉంది. సుగుణ యాపిల్స్ సంచి అతని చేతిలోనే పెట్టి తలుపు మూసింది. తర్వాత నా వైపు తిరిగి, "వాళ్ళు కూసిన్రు. తొడుక్కున్నది మీరు" అంది. అంతకుమించి ఇంతవరకూ ఒక్క మాట అనలేదు.

బోర్డు వాళ్ళు ఈసారి నన్ను చూడగానే సంతకం చేశారు. ఆపిన మినహాయింపు మంజూరైంది. మోకాలి పైన తీసేసినవారికి సరిపడే కాలు కొత్తగా చేయించారు గానీ, దాంతో నేను హాలు దాటి పోలేకపోతున్నాను. షుగర్ అదుపులో ఉంది. విమలక్క కనబడితే నమస్తే పెడుతుంది. నేను పెట్టను.

మీకు చెప్పేది ఒక్కటే. స్టంప్ మీద పుండు ఉందంటే, చూసేవాళ్ళు ఎవరైనా సరే, ఏమన్నా సరే, కాలు తొడుక్కోకండి. రుజువు అడిగితే వాళ్ళ ముందే కూర్చుని ప్యాంటు పైకి లాగి చూపించండి. సిగ్గుగా ఉంటుంది, ఒప్పుకుంటాను. ఆ రోజు మా హాల్లో నాకు అర నిమిషం పట్టేది.