తవిటమ్మ పాటలో దూరిన బొమ్మ

భావనపాడులో పుట్టి, టెక్కలిలో కంప్యూటర్ నేర్చుకుని, సొంత ఊళ్ళోనే జిరాక్సు కొట్టు పెట్టుకున్న పిల్ల ఉష. ఆధార్ కాగితం కోసం వచ్చిన ముసలివాళ్ళను స్టూలు మీద కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, ఆ తర్వాతే పనేమిటని అడిగేది. ఆ పిల్లకు కోపం వస్తుందని గంగమ్మ పండగ దాకా ఊళ్ళో ఎవరికీ తెలియదు.

ఆ ఏడు పండగకు, సముద్రం మీదికి వెళ్ళి తిరిగి రానివాళ్ళ ఫొటోలు తెర మీద చూపించాలనుకున్నారు. అలా రానివాళ్ళలో తవిటమ్మ కొడుకు లక్ష్ముడొకడు. కడచూపుకు శవమైనా ఒడ్డుకు చేరలేదు. పోయినవాళ్ళందరినీ పేరుపేరునా పిలుస్తూ తవిటమ్మ ఒక పాట పాడేది. ఉష దాన్ని ఫోనులో రికార్డు చేసి, ఆ ఫొటోలతో తాను చేసిన స్లైడ్లలోనే కలిపేసింది. మొదట అమ్మవారి బొమ్మ; ఆ తర్వాత పాటలో ఏ పేరు వినబడితే ఆ మనిషి ముఖం. లక్ష్ముడిది రేషన్ కార్డులోంచి పెద్దది చేసిన ఫొటో. పక్కన తల్లి భుజం సగం కనిపిస్తుంది. అంతకు మించి వాడి బొమ్మ ఇంకెక్కడా లేదు.

"నాను పిలిస్తే ఆడు కనిపిస్తాడేటే?" అని అడిగింది తవిటమ్మ.

"కనిపిస్తాడు పిన్నీ. గంగమ్మ తోడు."

ఒట్టు వేసి మరీ, ఆ స్లైడ్లున్న పెన్‌డ్రైవు తీసుకెళ్ళి పండగ కమిటీ పెద్ద నారాయణమూర్తి చేతికిచ్చింది. ఎవరూ మార్చకుండా పాస్‌వర్డు పెట్టవచ్చని తెలుసు. మన ఊరివాళ్ళను అనుమానించడమేమిటని ఊరుకుంది.

సాయంత్రం బడి గోడకు తెల్ల దుప్పటి కట్టారు. నారాయణమూర్తి భార్య ఈశ్వరి, తవిటమ్మను చెయ్యి పట్టుకు తీసుకొచ్చి, తన కుర్చీ ఆమెకిచ్చి తాను ఇసుకలో కూర్చుంది. అమ్మవారి బొమ్మ వచ్చింది. పాట మొదలైంది. "లక్ష్ముడో..." అని తవిటమ్మ గొంతు మొదటి పేరు పిలిచింది.

తెర మీద నారాయణమూర్తి. కండువాతో, చేతులు జోడించి, నవ్వుతూ.

తర్వాతి పేరుకు లక్ష్ముడు వచ్చాడు. అక్కణ్ణుంచి ఎవరి పేరుకీ వారి ముఖం రాలేదు. నడుమ ఒక బొమ్మ దూర్చేసరికి అందరూ ఒక్కో పేరు వెనకబడ్డారు. పాట మాత్రం ఎవరి కోసమూ ఆగకుండా సాగుతోంది.

తవిటమ్మ లేచి నిలబడింది. "నా కొడుకుని పిలిస్తే ఈడొచ్చినాడేటి?"

ఈశ్వరి పుస్తెలు గుప్పిట పట్టుకుంది. "బతికుండగానే సచ్చినోళ్ళ వరసలో నిలబడ్డావేటయ్యా! నీకేటి పోయేకాలం!"

ఉష ప్రొజెక్టర్ వైరు పీకేసింది. "ఎవులు మార్చినారు?"

"నానే ఎట్టించినాను," అన్నాడు నారాయణమూర్తి. "కమిటీ పెద్దని, నా బొమ్మ ముందుండద్దేటి? ఒక్క బొమ్మకే ఇంత గోలేటే?"

"ఒక్క బొమ్మా? తల్లి కొడుకుని పిలిస్తే నువ్వు పలికినావు మావా! దండ కూడా ఏసీమంటావా?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

"ఆడపిల్లవి, నోరు తగ్గించు."

"తగ్గించను. నిన్ను నమ్మి ఇచ్చినాను సూడు, అదీ నా తప్పు."

వైరు మళ్ళీ తగిలించి, అందరి ముందూ ఆ బొమ్మ తీసేసింది. తవిటమ్మ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. "పిన్నీ, నీకు తోచిన మాటొకటి నా సెవిలో సెప్పు. ఆ మాట తెలీనోడు సూడ్డమే గాని మార్చలేడు." తవిటమ్మ ఏదో చెప్పింది. పాట మళ్ళీ మొదలైంది. ఈసారి పిలిచిన వెంటనే లక్ష్ముడు వచ్చాడు. తవిటమ్మ కూర్చుంది.

పండగ వెళ్ళాక నారాయణమూర్తి ఉష కొట్టుకు వచ్చాడు. ఆ స్లైడ్లు టెక్కలి పెద్దలకు చూపించాలట. కనీసం చివరనైనా తన బొమ్మ ఉండాలట. ఉష తల ఎత్తలేదు. ఆమె కోపం ఇంకా చల్లారలేదు. "ఆ మాట పిన్నిది. ఎల్లి పిన్నినడుగు."

వెళ్ళాడు. తవిటమ్మ చేపలు ఎండబెడుతోంది.

"నువ్వు బతికినోడివి బాబూ," అంది చేపలు తిరగేస్తూనే. "ఆ పాటతో నిన్ను పిలవలేను. ఎల్లు."