కట్ట మీది తీతువు గుడ్లు

నర్మెట్టకు కోసెడు దూరంలోని పల్లెలో జగపతి, సుమిత్ర అనే దంపతులు ఉండేవారు. కొంత మెరక చేను, ఒక జత ఎద్దులు, వాకిట్లో భూమిని తవ్వి చేసిన జొన్నల పాతర, ఇంతే వారి ఐశ్వర్యం. సంతానం లేదు. ఆ లోటును గురించి వారు ఎన్నడూ మాట్లాడుకొనేవారు కారు. వారు మాట్లాడుకొన్నది వేరు.

ప్రతి ఉదయం జగపతి చెరువు కట్ట మీదుగా చేనికి పోయేవాడు. పొద్దెక్కిన తరువాత సుమిత్ర సద్దిమూటతో, నీళ్లింకిన చెరువులోనుంచి అడ్డదారిన పోయేది. సాయంత్రం కాళ్లు కడుక్కొని అరుగు మీద కూర్చున్న తరువాత అతడు అడిగేవాడు.

"ఏం జూసినవే ఇయ్యాల?"

"మోదుగు నిండ పూసింది. ఆకొక్కటి లేదు. గోరింకలు తేనె తాగి మూతులకు పసుపు రాసుకున్నయి. తుమ్మ కింద కుందేలు పిల్ల, నన్ను జూసి గూడ లేవలే."

"నిన్ను జూసి ఎవడు భయపడ్తడే? నాకైతే పాలపిట్ట కనవడ్డది."

"నీదే అదృష్టం పో. నాకు కాకి గూడ మొకం జూపలే."

గుడికి పోయే తీరిక లేని ఆ ఇంట్లో ఈ సంభాషణమే సంధ్యావందనం. వసంతుడు అడవికి తెచ్చిన కానుకలను కన్నులతో స్వీకరించి, వాటిని తోడి మనిషికి నివేదించడం కూడ ఒక అర్చనయే కదా! అరవైతొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం రగిలి, జనగామ బస్సులు నిలిచి, కాల్పుల వార్తలు ఊరిని కలచిన రోజులలో సైతం ఆ ముచ్చటకు విఘాతం కలుగలేదు.

తరువాత వరుసగా రెండేళ్లు వానలు మొగం చాటేసినవి. మూడో వేసవి వచ్చేసరికి జగపతి నవ్వడం మరిచాడు. పాతరలో మిగిలిన జొన్నలు జాగ్రత్తగా వాడుకొంటే ఇద్దరికీ ఏడాది తిండి. అవే జొన్నలు కూలిగా కొలిచి, చెరువు పూడికమట్టి తోలించి, చేను దున్నించి విత్తితే పంట చేతికి రావచ్చు. అయితే వాన కురవాలి. కురవకపోతే తిండీ లేదు, పంటా లేదు.

తీతువు కూత అశుభమని ఊరంతా అనుకొనేది. జగపతికి అతని తండ్రి నేర్పినది వేరు: తీతువు చెరువులో గుడ్లు పెడితే ఆ ఏడు నీళ్లు రావు, కట్ట మీద పెడితే చెరువు నిండుతుంది. కట్ట మీద ఆ గుడ్లు కనబడేదాకా సేద్యానికని పాతర మూత తీయరాదని అతడు నిశ్చయించుకొన్నాడు. భార్యకు మాత్రం ఆ మాట చెప్పలేదు.

చైత్రం చివర అతడు బంధువుల ఇంటికి గూడూరు పోయిన రోజున, సుమిత్ర తల మీద ఒక తీతువు అరుస్తూ తిరిగింది. ఆమె వంగి చూచింది. చెరువులోని బండ్ల బాటలో, గులకరాళ్ల నడుమ నాలుగు గుడ్లు! వెనుకనుంచి ఆ ఊరి అబ్దుల్ సత్తార్ మట్టిబండి వస్తున్నది.

"తప్పుకో అక్కా! ఎద్దులు నా మాటనే ఇంటలెవ్వు!"

"జర ఆపు సత్తారన్నా, గుడ్లున్నయి."

"గింత చెరువు ఇడిశిపెట్టి బాట మీదనే పెట్టాల్నా! దీనికి నాకంటె తెలివి తక్కువున్నది."

మనిషి చేయి తగిలితే తల్లి చేరదని ఆమె మోదుగ ఆకులతో గుడ్లను పట్టుకొని, కట్ట మీది మొరంలో పదిలంగా దించింది. తీతువు మాత్రం పాత చోటి మీదనే తిరుగుతూ అరిచింది.

మరునాడు ఉదయం జగపతి కట్ట మీదుగా దాదాపు పరుగెత్తుకొని ఇల్లు చేరాడు.

"కట్ట మీద పెట్టిందే! తీతువు కట్ట మీద పెట్టింది! ఇగ వానకు తిరుగులేదు. మా బాపు మాట అబద్ధం గాదు."

సుమిత్రకు సంగతి అప్పుడు అర్థమైంది. "పిట్ట కూసున్నదా?" అని మెల్లగా అడిగింది.

"నీళ్లకు పోయుంటది తీ. నేను దగ్గరికి పోలే, బెదురుతదని."

అతడు నవ్వుతున్నాడు. రెండేళ్ల తరువాత ఆ ముఖంలో నవ్వు. ఆ గుడ్లు అక్కడ పెట్టినది తానేనని ఆమె కొంచెం ఆగి చెప్పుదామనుకొన్నది. మధ్యాహ్నానికల్లా పాతర మూత లేచింది. సత్తార్ బండి వారి చేనికే మట్టి తోలింది.

మృగశిరలో ఒక్క వాన కురిసింది. మొలకలు లేచినవి. ఆ పైన ఆకాశం వారి వైపు చూడలేదు. పైరు మాడింది, ఎద్దులు సంతకు పోయినవి. దీపావళి నాటికి దంపతులిద్దరూ కరువు పనిలో, రోడ్డు పక్కన కంకర కొడుతున్నారు. సత్తార్ కూడ అక్కడికే వచ్చాడు. అంబలి తాగే వేళ అతడు నవ్వించబోయాడు.

"పటేలా, మా అక్క తీతువు గుడ్లను నా బండి కిందికెల్లి తీసి కట్ట మీద పెట్టలేదా? గా పుణ్యానికన్న దేవుడు ఒక్క వాన కొట్టకపాయె!"

"ఏడివి గుడ్లు?"

"చెరువుల బాట మీదియి. నీకు చెప్పలేదా?"

జగపతి భార్య వైపు చూచాడు. ఆమె తల వంచుకొన్నది. సాయంత్రం ఇంటి దారి పట్టి, ఇల్లు కనబడే చోట అతడు ఆగాడు.

"పిట్ట అబద్ధమాడలే," అన్నాడు చివరకు. "నువ్వు చెప్పకపోతివి."

"నువ్వు నవ్వినవు. ఎన్నొద్దులాయె నువ్వు నవ్వక."

జీవదయ పాపమని ఏ శాస్త్రమూ చెప్పదు. అయినా ఆ గుడ్లు పొదుగబడలేదు, ఆ చేను పండలేదు.

వారు బతికారు. తరువాతి వసంతంలో మోదుగు మళ్లీ పూసింది. జగపతి మునుపటివలెనే కట్ట మీదుగా పోయి వచ్చి, కాళ్లు కడుక్కొని అరుగు మీద కూర్చున్నాడు. సుమిత్ర చాలాసేపు ఎదురు చూచింది. అతడు అడుగలేదు. ఆమెయే అడిగింది.

"ఏం జూసినవ్ ఇయ్యాల?"

"ఏం లేదు."

అతని భుజం మీది తువ్వాలకు మోదుగ పూరేక ఒకటి ఎర్రగా అంటుకొని ఉన్నది. ఆమె దానిని చూచింది కాని, ఉన్నదని చెప్పలేదు.