అత్త ఉత్తరం వెనక కాగితం

బేరంలో నేనెంతటిదాన్నో మా పురసవాక్కం బజారులో ఏ కొట్లోనైనా అడగండి. ఎంత చెప్పినా సగానికి దించుతాను. ఆ ఊపులోనే ఒకసారి మా మేనత్త రాసిన ఇంగ్లీషు ఉత్తరాన్ని కూడా సగానికి దించాను. ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, షోళింగనల్లూరులో ఉద్యోగం చేసే మా అమ్మాయి మొన్న భోజనాల దగ్గర గొప్పలు పోయింది: "మా ఆఫీసు కాగితాల్లో మొదటి పేజీ అంతా మాటల అర్థాలేమ్మా. ఏ మాటకు ఏమనుకోవాలో ముందే రాసేస్తాం. కొత్త పద్ధతి." కొత్తదట! నవ్వాపుకుని పెరుగు వడ్డించాను.

అత్తది బడిపిల్లల యూనిఫాం గుడ్డల కొట్టు. చదివింది ఎనిమిదో తరగతి. ఉత్తరాది మిల్లువాళ్ళకు తెలుగూ తమిళమూ రావు, మనకు హిందీ రాదు, కాబట్టి డిక్షనరీ ఒళ్ళో పెట్టుకుని ఇంగ్లీషులోనే రాసేది. ప్రతి ఉత్తరానికీ వెనక ఇంకో కాగితం గుండుసూదితో గుచ్చేది. 'థిక్' అంటే ట్యూబులైటు ముందు పట్టుకున్నా వెనక వేళ్ళు కనిపించకూడదు. 'డార్క్ బ్లూ' అంటే ఇదిగో, ఇక్కడ కుట్టిన ఈ ముక్క. 'సూన్' అంటే బడి తెరవడానికి నెల ముందు.

కొత్తగా బి.ఏ. పాసైన నాకు అది చూస్తే తల కొట్టేసినట్టుండేది.

"వాళ్ళకు ఇంగ్లీషు రాదా అత్తా? నవ్వుతారు."

"నవ్వనీవే. నవ్వి, గుడ్డ సరిగ్గా పంపితే చాలు."

ఆ ఏడు ఆమె జ్వరంతో పడుకుంది. నేను కాగితం పీకేసి ఉత్తరం మాత్రం పోస్టు చేశాను. తానులు దిగాయి. రంగు ఎట్లాగో కుదిరింది గానీ, లైటు ముందు పట్టుకుంటే నా అయిదు వేళ్ళూ కనిపించాయి. ఈసారి మాట తప్పితే ఆ గుడ్డ అడిగిన బడి పక్క కొట్టుకు పోతుంది. నేను మిల్లును తిట్టబోయాను.

"వాళ్ళనేం అనబాక. వాళ్ళ ఊరి ఎండలకు వాళ్ళకిదే మందం. మనం చెప్పకుంటే ఎట్టా తెలుస్తాదే?"

అత్త మళ్ళీ రాసింది. గుండుసూది మాత్రం నా చేత గుచ్చించింది. బడి తెరిచే నాలుగు రోజుల ముందు అసలైన గుడ్డ వచ్చింది. దాంతోపాటు మిల్లు మేనేజరు ఉత్తరం, దాని వెనక గుండుసూదితో ఒక కాగితం: వాళ్ళ మాటలకు వాళ్ళ అర్థాలు! ఎనిమిదో తరగతి చదివిన మా అత్త దగ్గర నేర్చుకున్నారు. దాన్ని అద్దం కట్టించి గల్లాపెట్టె పైన తగిలించాం.

ఇక అసలు బిల్లు. నా బేరంలో నేను మిగిల్చింది ఒక కాగితం, ఒక గుండుసూది. ఆ పలచటి తానులు మొత్తం నేనే కొన్నాను. అత్త ఒక్క రూపాయి తగ్గించలేదు. వాటితో కుట్టిన నీలం తెరలు మా కిటికీలకు చాలాకాలం వేలాడాయి. చాలాకాలం అంటే, మా అమ్మాయి పుట్టకముందు నుంచి ఆఫీసులో చేరేదాకా.