జెండా పండుగనాటి ఒడిబియ్యం

అన్న సరిహద్దులో చనిపోయినప్పటి నుంచి జెండా పండుగ అంటే నాకు ఇష్టం ఉండదు. హసన్‌పర్తి పక్కనే మా ఊరు. పంద్రాగస్టు పొద్దున జెండా గద్దె దగ్గర కుర్చీ వేసి అన్న ఫోటో పెడతారు. జెండా ఎగరేశాక వదిన వచ్చి దండ వేస్తుంది. తర్వాత బూందీ పంచుతారు. అప్పటిదాకా అమర్ రహే అని అరిచినవాళ్లే బూందీ కోసం ఒకళ్లనొకళ్లు తోసుకుంటారు. నాకు ఒళ్లు మండిపోతుంది.

మొన్న వేసవిలో వదినకు మళ్లీ పెళ్లయింది. అమ్మే పట్టుబట్టి చేయించింది. వదినకు తల్లీదండ్రీ లేరు, నా అన్నవాళ్లు లేరు. ఆ వయసులో ఆ బోసి మెడ చూడలేనని అమ్మ రోజూ ఏడ్చేది. ఏటూరునాగారం సంబంధం. అతను మంచివాడే. ఆ మాట ఒప్పుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది.

పండుగ ముందురోజు యువజన సంఘం పెద్ద మా ఇంటికొచ్చాడు.

“ఈసారి దండ అమ్మతోనే ఏపిద్దాం తమ్మీ. మీ వదినె ఇప్పుడు వేరేటోళ్ల ఇంటామె అయిపాయె. జనం ఏమన్న అంటరు.”

“జనానికి ఏం పని కాకా? మా వదినె, మా ఇష్టం” అన్నాను గట్టిగా. బాపు నా భుజం పట్టుకుని ఆపాడు.

తెల్లారి జెండా ఎగరేసే వేళకు వదిన బస్సు దిగింది. నుదుట బొట్టు, మెడలో కొత్త పుస్తెలతాడు, చేతి సంచిలో చామంతి దండ. ముందుకు రాకుండా బడిపిల్లల వెనకే నిలబడిపోయింది. ఎవరూ పిలవలేదు. సంఘంవాళ్లు ఇచ్చిన దండ అమ్మ వేసింది. అక్కడే గొడవ పెట్టుకుందామనుకున్నాను. అన్న ఫోటో ఎదురుగా ఉంటే వెనక్కి తగ్గాను.

అమ్మ గద్దె దిగి, నేరుగా పోయి వదిన చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చింది. ఇంట్లో గోడమీది ఫోటోకు వదిన తన దండ వేసింది. అమ్మ పీట వేసి ఆమెను కూర్చోమంది. లోపలి నుంచి పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, రవికె గుడ్డ తెచ్చింది. ఒడిబియ్యం. పెళ్లయిన ఆడపిల్లకు పుట్టింటివాళ్లు పోసేవి. అత్తగారింట్లో పొయ్యరు.

“అత్తమ్మా, ఇదేంది? కోడలికి ఒడిబియ్యం పోస్తరా ఎవరన్న?” వదిన కొంగు చాపలేదు.

“కోడలికి పొయ్యరు. బిడ్డకు పోస్తరు. కోడలిగ వస్తే ఇయ్యాల్టి లెక్కనే నిన్ను వెనక నిలబెడ్తరు. బిడ్డ తల్లిగారింటికి వచ్చేటందుకు ఎవల్ని అడుగవడ్తది? కొంగు పట్టు.”

అమ్మా బాపూ పోశారు. అమ్మ నావైపు తిరిగింది.

“నువ్వు గూడ పొయ్యి. ఇగ వదినె అనుడు బంద్ చెయ్యి. అక్కా అను.”

దోసిలి నిండా బియ్యం తీసుకుని నిలబడ్డాను. వదినా అని పిలిచినన్నాళ్లూ మా ఇద్దరి మధ్యా అన్న ఉన్నాడు. ఇప్పుడు ఆమెకు ఈ ఇల్లు మిగలాలంటే అన్న తప్పుకోవాలి. ఆమె కొంగు పట్టుకుని, తల దించుకుని ఎదురుచూస్తోంది.

“అక్కా” అన్నాను.

అన్న శవపెట్టె ఊళ్లోకి వచ్చిన రోజు కూడా నేను అంతగా ఏడవలేదు.