మౌలా ఉస్తాద్ కండ్లు

ఆ రోజు తప్పు చేసింది నేను, దాచిందీ నేనే. ఇవాళ పొద్దున శంషాబాద్‌లోని నా షెడ్డులో ఒక ఇంజిన్ హెడ్డు విప్పగానే మాడిన ఆయిల్ వాసన ముక్కుకు కొట్టింది. మౌలా ఉస్తాద్ గుర్తొచ్చాడు.

కాటేదాన్‌లో ఆయన కార్ల షెడ్డులో పదకొండేళ్లు పనిచేశాను. స్పోర్ట్స్ కారు ఇంజిన్‌కు మామూలు పానాలు చాలవు, ఆ మోడల్ కోసమే చేసిన పనిముట్లు కావాలి. ఉస్తాద్ వాటికోసం పాత సామాను దుకాణాలన్నీ గాలించేవాడు. దొరక్కపోతే కొత్తూరులో లేత్ మీద చేయించేవాడు. వాడినవాడే ప్రతి పనిముట్టునూ అద్దం మీద ఆనించి, కింద వెలుతురు కనిపించకపోతేనే, అంటే వంగలేదని తేలితేనే, గుడ్డలో చుట్టాలి. చుట్టి ఉందంటే చూసినట్టే. ఆయన మళ్లీ చూడడు.

వాటిలో ఒక కారు కోసం, వాల్వులను తెరిచి మూసే రెండు కామ్‌షాఫ్టులను సరైన స్థానంలో నిలిపే ఉక్కు పలక ఉండేది. "ఇది జాగా చూపిస్తది శంకర్, జోరు ఆపదు. బోల్టు విప్పేటప్పుడు షాఫ్టును వేరే పానాతోని పట్టుకో" అని ఎన్నిసార్లు చెప్పాడో. ఒక మధ్యాహ్నం ఆ కారు ఇంజిన్ విప్పుతూ ఆకలి మీద ఉన్నాను. రెండో పానా వెతకడానికి బద్ధకించి, భారమంతా పలక మీదే వేసి బోల్టు విప్పాను. పలక రవ్వంత మెలి తిరిగింది. అద్దం మీద పెట్టలేదు. పెడితే ఏం కనిపిస్తుందో తెలుసు. అలాగే చుట్టేశాను.

మూడు రోజుల తర్వాత ఉస్తాద్ ఆ పలకతోనే టైమింగ్ పెట్టాడు. చేత్తో తిప్పితే ఇంజిన్ సాఫీగానే తిరిగింది. ఎయిర్‌పోర్ట్ రోడ్డు మీద వేగం అందుకున్నాక, టైమింగ్ తప్పి వాల్వులు పిస్టన్లకు కొట్టుకుని వంగిపోయాయి. కారు యజమాని ముందు ఉస్తాద్ తల దించుకున్నాడు. "నా కండ్లు పోయినయ్ సార్. ఉమర్ అయింది, ముసలోన్నయిన." నేను పక్కనే ఉన్నాను. నోరు పెగల్లేదు.

మర్నాటి నుంచి ఆయన ఇంజిన్ ముట్టలేదు. "ఇగ నువ్వే ఉస్తాద్‌వి. నేను టైర్ల గాలి చూస్త" అన్నాడు. షెడ్డంతా నవ్వింది. ఆయన మాత్రం నిజంగానే గాలి గొట్టం పట్టుకున్నాడు.

వారం చూశాను. తట్టుకోలేక, పలక తీసుకుని బడంగ్‌పేట్‌లో ఆయన ఇంటికి వెళ్లాను.

"మీ కండ్లు మంచిగనే ఉన్నయ్ ఉస్తాద్. పలక ఖరాబ్ చేసింది నేను."

ఆయన గోడ మీది అద్దం దించి, పలక ఆనించి చాలాసేపు చూశాడు.

"ఎప్పుడు?"

"విప్పిన నాడే."

"అంటే వారం సంది నన్ను గుడ్డోన్ని చేసి కూసోబెట్టినవ్!" పలకను నా చేతిలో పెట్టాడు. "పో. మొదలు సార్‌కు చెప్పు. తర్వాత నాకు మొఖం చూపియ్."

అక్కణ్ణుంచి నేరుగా కారు యజమాని దగ్గరికే వెళ్లి చెప్పాను. ఆయన తిట్టాడు, తిట్టించుకున్నాను. కొత్త పలక చేయించి, నా ఆదివారాలన్నీ పెట్టి ఆ ఇంజిన్ మళ్లీ కట్టాను. టైమింగ్ దగ్గర ఆగి ఉస్తాద్‌ను పిలిచాను. "జరుగు" అంటూ చేతులు తుడుచుకుని వచ్చాడు. ఆ తర్వాత చనిపోయేదాకా, నాలుగేళ్లు, ఇంజిన్లు కట్టాడు. నేను చుట్టినవి మాత్రం చాలాకాలం విప్పి చూసుకునేవాడు.

ఇప్పుడు నా చేతిలో ఏదైనా చెడితే కారు యజమాని అడగకముందే ఫోన్ చేస్తాను. ఇప్పటికీ నోరు పెగలదు. అయినా చెప్పేదాకా ఫోన్ పెట్టను.